గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు: బడి పోయిన పంతులు

తెలుగునాట గ్రంథాలయ సభ ఎక్కడ జరిగినను, అయ్యంకి వేంకటరమణయ్యగారి పేరుతోపాటు భక్తితో స్మరింపబడు పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిది. ఆయన కోనసీమలో పుట్టినవారు కారు, కర్నూలు సీమవారు. అయినను ఆయన జీవితమును మలుపు త్రిప్పిన సంఘటన గోదావరి గట్టున, రాజమహేంద్రవరమున జరిగినది. ఉపాధ్యాయుడు కావలెనను కోరికతో ఆ పట్టణమునకు వచ్చిన యువకుడు, సర్కారు కొలువులో తనకు చోటు లేదను ఉత్తరువుతో అచ్చటినుండి వెడలిపోవలసి వచ్చెను. బోధించుటకు బడి లేకుండ పోయిన ఆ పంతులు తరువాత ఏమి చేసిరనునదే ఆయన చరిత్ర. పల్లెటూళ్ల గ్రంథాలయముల చరిత్రలో అదియు నొక భాగము.

బాల్యము, విద్య

హరిసర్వోత్తమరావుగారు 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. తండ్రి వేంకటరావుగారు, తల్లి భాగీరథీబాయిగారు. పూర్వులు కడప మండలములోని సింహాద్రిపురమువారు. కలిగిన కుటుంబము కాదు. కర్నూలు, గుత్తి, నంద్యాల పాఠశాలలలో చదివి, చదువునందలి చురుకుదనముచేతనే పైకి వచ్చి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, ఎం.ఏ. పట్టము పొందిరి. ఆ కాలమున తెలుగువారిలో ఎం.ఏ. చదివినవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. అట్టి పట్టము గలవాడు కోరినచో రెవెన్యూ కొలువు దొరకుట కష్టము కాదు. ఆయన మాత్రము ఉపాధ్యాయ వృత్తిని కోరుకొని, శిక్షణ కొఱకు రాజమహేంద్రవరములోని ప్రభుత్వ శిక్షణ కళాశాలలో చేరిరి.

ఆనాటి బడులు, ఆనాటి పంతుళ్లు

అప్పటి ఉపాధ్యాయుని బ్రతుకు ఎట్టిదో కొంత తెలిసికొన్నగాని, హరిసర్వోత్తమరావుగారు కోల్పోయినది ఏమో బోధపడదు. కోనసీమ పల్లెలలో అరుగులమీదను, పందిళ్లక్రిందను నడచు వీధిబడులే చాలకాలము విద్యకు ఆధారము. వీధిబడి పంతులుకు నెలజీతమనునది లేదు. ఎంతమంది పిల్లలు వచ్చిన అన్ని ఇండ్లనుండి వచ్చు కొలత ధాన్యము, పండుగలకు పంపు స్వయంపాకము, దసరా దినములలో పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగి పుచ్చుకొను కానుక, ఇవియే ఆయన సంపాదన. నాట్లకును కోతలకును పిల్లలు పొలమునకు పోయినను, గోదావరి పొంగి లంకలు మునిగినను, పొరుగూరిలో మరియొక బడి పుట్టినను, పంతులుగారి ఇంట పొయ్యి దానిని వెంటనే ఎరుగును. ఒక పిల్లవాడు బడి మానుట తండ్రికి చిన్న విషయము; పంతులుకు అది ఒక కుంచము గింజలు.

సర్కారు సహాయము వచ్చిన తరువాత కూడ ఈ లెక్క మారలేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసు రాజధానిలో ఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి నడచెను. తనిఖీదారు వచ్చిన దినమున ఎందరు పిల్లలు హాజరైరో, వారిలో ఎందరు చదువుట, వ్రాయుట, లెక్కలు అను పరీక్షలలో గట్టెక్కిరో చూచి, ఆ లెక్కకు తగిన పైకము ఇచ్చెడివారు. ఆ దినమున పిల్లవానికి జ్వరము వచ్చినచో ఆ పైకము తగ్గును. అందుచేత తనిఖీనాడు పంతుళ్లే ఇండ్లకు పోయి పిల్లలను పిలుచుకొని వచ్చుట మామూలయ్యెను. హాజరుపట్టీ పిల్లల పేర్ల పుస్తకముగా కనబడినను, నిజమునకు అది పంతులుగారి అన్నపు చిట్టా.

ఈ అస్థిరతనుండి బయటపడుటకు దారి ఒక్కటే: శిక్షణ పొంది, సర్కారు బడిలోనో, గుర్తింపు గల ఉన్నత పాఠశాలలోనో నెలజీతముపై కుదురుట. రాజమహేంద్రవరపు శిక్షణ కళాశాలకు అంత విలువ వచ్చినది ఇందుచేతనే. కోనసీమనుండి పై చదువులకు పోవు యువకులు కాలువలలో పడవలెక్కి ధవళేశ్వరము చేరి, అచ్చటినుండి ఆ పట్టణమునకు పోవుచుండిరి. ఆ కళాశాల పట్టము చేతనున్నచో జీవితాంతము అన్నమునకు కొదువ లేదని పెద్దల నమ్మకము. హరిసర్వోత్తమరావుగారు నిలిచినది ఆ గడపమీద.

1907వ సంవత్సరము

1905లో వంగరాష్ట్రమును విభజించిన పిమ్మట పుట్టిన స్వదేశీ ఉద్యమము 1907 ఏప్రిలు నెలలో గోదావరి తీరమునకు వచ్చెను. ముట్నూరి కృష్ణారావుగారు వెంటనుండగా బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించుచు రాజమహేంద్రవరమునకు విచ్చేసిరి. ఆయన ఆంగ్ల ఉపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెలిగించిరి. బాల్యమునుండి రేచీకటితో బాధపడుచుండిన ఆ కవిగారు ఆ సభలో ఆశువుగా చెప్పిన పద్యము ఊరూరను ప్రాకిపోయెను. రాజమహేంద్రవరపు విద్యార్థులు సభలన్నిటికిని పోయిరి. వందేమాతరం బ్యాడ్జీలను రొమ్మున ధరించి తరగతులకు వచ్చిరి.

కళాశాలాధ్యక్షుడు మార్కు హంటరుగారు దీనిని సహింపలేదు. బ్యాడ్జీలు తీసివేయుమనిరి. విద్యార్థులు వినలేదు. పలువురు శిక్షకు గురియైరి. హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కరింపబడిరి. ఆయనకు ప్రభుత్వోద్యోగము ఈయరాదని ఉత్తరువు కూడ వెలువడెను. చదువుకొన్న విద్యకు తగిన కొలువు చేతికందబోవు వేళ, గుడ్డపై వ్రాసిన రెండు మాటల కొఱకు అది పోయెను. బ్యాడ్జీ తీసి జేబులో వేసికొన్నచో ఆయన ఏ ఉన్నత పాఠశాలలోనో ప్రధానోపాధ్యాయుడై, పింఛను పుచ్చుకొని, ప్రశాంతముగా జీవించెడివారు. ఆయన తీయలేదు.

ఆ సంవత్సరము మే నెలలో భారత ప్రభుత్వ కార్యదర్శి రిస్లీ పేర ఒక సర్క్యులరు వెలువడెను. విద్యార్థులుగాని ఉపాధ్యాయులుగాని రాజకీయ సభలలో పాల్గొన్నచో ఆ పాఠశాలకు గ్రాంటు నిలుపుదల చేయవచ్చును, దాని విద్యార్థులకు విద్యార్థి వేతనములు లేకుండ చేయవచ్చును, గుర్తింపు తీసివేయవచ్చును అని దాని సారాంశము. దీని దెబ్బ లోతైనది. గుర్తింపు పోయిన బడిలో చదివిన పిల్లవాడు ప్రభుత్వ పరీక్షకు కూర్చొనలేడు. పరీక్ష లేని బడికి తండ్రులు పిల్లలను పంపరు. పిల్లలు లేని బడిలో పంతులు ఉండడు. ఒక్క కాగితముతో సర్కారు ఉపాధ్యాయుల మెడను పిల్లల హాజరుపట్టీకి కట్టివేసెను. హరిసర్వోత్తమరావుగారికి ఉద్యోగమిచ్చు ధైర్యము ప్రైవేటు పాఠశాలల యాజమాన్యములకు లేకపోవుటలో వింత లేదు.

కలము, కారాగారము

బడి లేని పంతులు కలము పట్టిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమాల తొలి పుస్తకము హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. అది 1907లో వెలువడెను. బడికి పోయిన దినములన్నియు కూడినను ఏడాది నిండని అమెరికా రైతుబిడ్డ, ఎరువు తెచ్చుకొన్న పుస్తకములు చదివి దేశాధ్యక్షుడైన కథ అది. బడిలో చోటు పోయిన తెలుగు యువకుడు, బడి చాలినంత దొరకని మహనీయుని చరిత్రను తెలుగువారికి అందించుట గమనింపదగినది.

1908లో ఆయన బెజవాడనుండి 'స్వరాజ్య' అను వారపత్రికకు సంపాదకులైరి. ఆ సంవత్సరము మార్చిలో తిరునెల్వేలిలో జరిగిన కాల్పులను ఖండించుచు పత్రికలో వ్రాసిన వ్రాత రాజద్రోహముగా పరిగణింపబడెను. ఆయనకు 3 సంవత్సరముల కఠిన శిక్ష పడెను. వేలూరు చెరసాలలో సామాన్య నేరస్థులతో సమానముగా ఆ శిక్ష ననుభవించిరి. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీగా ఆయనను చరిత్రకారులు పేర్కొందురు. ఆంధ్ర తిలకుడను బిరుదము ప్రజలిచ్చినది.

1911లో విడుదలై బయటకు వచ్చునప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరములు. సర్కారు కొలువు లేదు. చెరసాలకు పోయివచ్చిన వానిని చేరదీయుటకు జంకువారే ఎక్కువ. మద్రాసు చేరి, విజ్ఞానచంద్రికా మండలి పనులలో తోడ్పడుచు, కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రికలో పనిచేసిరి. స్త్రీల కొఱకు 'సౌందర్యవల్లి' పత్రికను నడపిరి. 1916లో అనిబిసెంటు హోంరూలు ఉద్యమమును ఆరంభించినపుడు ఆంధ్రశాఖకు కార్యదర్శి యైరి.

జాతీయ పాఠశాలల పాఠము

బహిష్కృతులైన విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక ఆశ్రయముండవలెనను తలంపుతో దేశమున జాతీయ పాఠశాలలు పుట్టినవి. తెలుగునాట వానిలో ప్రసిద్ధమైనది బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు దానిని స్థాపించిరి. వకీలు పట్టా నొల్లక కోపల్లెవారు తమ ఆయువునంతయు ఆ సంస్థకే ధారపోసి 1922లో పరమపదించిరి. 1921లో సహకారనిరాకరణము వచ్చినపుడు సర్కారు బడులు మానిన పిల్లల కొఱకు మరికొన్ని జాతీయ పాఠశాలలు తలయెత్తినవి. జీతము తక్కువైనను దేశసేవయని పంతుళ్లు ఉత్సాహముతో చేరిరి.

అయితే వానిలో పెక్కు ఎక్కువకాలము నిలువలేదు. వానిని మూయించుటకు పోలీసులు రానక్కరలేకపోయెను. ఉద్యమపు వేడి తగ్గిన పిమ్మట తండ్రులు యోచనలో పడిరి. ఈ బడి పట్టా చూపినచో గుమాస్తాగిరి దొరకదు, కళాశాలలో ప్రవేశము లేదు. ఒక్కొక్క పిల్లవాడే తిరిగి సర్కారు బడికి పోయెను. నలుబది పేర్లున్న పట్టీలో ఇరువది, ఇరువది పోయి పది మిగిలిన తరువాత, చందాలిచ్చువారు కూడ చేయి వెనుకకు తీసికొనిరి. పంతులు తాళము వేసి ఇంటికి పోయెను.

ఇందులో తండ్రులను నిందించి లాభము లేదు. బిడ్డ బ్రతుకుదెరువు చూచుకొనుట తప్పు కాదు. కాని ఉపాధ్యాయుడు కొలువు కోల్పోవుటకు దారులు రెండున్నవని ఆ కాలము నేర్పెను. హరిసర్వోత్తమరావుగారి కొలువు పోయినది పైనుండి వచ్చిన ఉత్తరువుచేత. జాతీయ పాఠశాలల పంతుళ్ల కొలువు పోయినది ఖాళీయైన బల్లలచేత. మొదటి దానికి ఊరంతయు కోపించును, సభ చేయును, తీర్మానము వ్రాయును. రెండవదాని చప్పుడు ఎవరికిని వినబడదు. ఉత్తరువు ఒక పంతులును మాత్రమే తీసివేయగలదు. ఖాళీ బల్ల బడినే తీసివేయును.

హాజరుపట్టీ లేని బడి

1901 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున నూటికి అయిదుగురికి మించి అక్షరములు రావు. అనగా తొంబదియైదుగురి పేర్లు ఏ బడి పట్టీలోను లేవు. పట్టీలో ఉన్నవారికి బోధించు హక్కును సర్కారు తీసికొన్నది. పట్టీలో లేనివారికి బోధించుటను ఎవరును నిషేధింపలేదు. హరిసర్వోత్తమరావుగారి తరువాతి జీవితమంతయు ఈ తొంబదియైదుగురి కొఱకే.

1914వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణము. అధ్యక్షత వహించినవారు 1907లో రాజమహేంద్రవరమున బిపినచంద్రపాలుగారి మాటలను తెలిగించిన చిలకమర్తివారే. ఆనాడు పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు హరిసర్వోత్తమరావుగారు తరువాత చిరకాలము అధ్యక్షులై యుండిరి. ఊరూర తిరిగి గ్రంథాలయములను చూచుట, చిన్నవానిని పెంచుట, మూతపడినవానిని తెరపించుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను.

గ్రంథాలయోద్యమము తెలుగునాట పుస్తకములు పంచుటతో ఆగలేదు. చదువరానివారికి పుస్తకము చదివి వినిపించుట, పత్రికలోని వార్తలను చెప్పుట, రాత్రిబడి నడపుట కూడ గ్రంథాలయము పనులే. 1930ల దశకమున పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువపై పడవలో గ్రంథాలయమును నడపిరి. కాలువలే బాటలైన కోనసీమవారికి ఆ ఏర్పాటులోని ఉపయోగము వేరుగా చెప్పనక్కరలేదు.

వీనిలో హరిసర్వోత్తమరావుగారు ఎక్కువ మమకారముతో పట్టుకొన్నది వయోజనవిద్య. పగలు నాగలి పట్టినవాడు రాత్రి పలక పట్టవలెనని ఆయన పట్టుదల. వయోజనవిద్యా సంఘములలో బాధ్యతలు వహించి, పనివారిని తీర్చిదిద్దిరి. 1927లో నంద్యాలనుండి మద్రాసు శాసనమండలికి ఎన్నికైనపుడు సభలో కూర్చున్నను, ఆయన మనస్సు పల్లె బడిలోను, పల్లె గ్రంథాలయములోను ఉండెడిది.

రాత్రిబడి పగటిబడికి పోటీ కాదు. అక్షరము రాని తండ్రి కొడుకును కోతకు తీసికొనిపోవుటకు వెనుదీయడు. అదే తండ్రి రాత్రి లాంతరు వెలుతురున తన పేరు తాను వ్రాసికొన్ననాడు, ఆ బలపము విలువ తెలిసి, పిల్లవానిని మరుసటి ఉదయము బడికి తోలును. తల్లి చదువుకొన్న ఇంట ఆడపిల్ల బడి మానదు. ఈ విధముగా, పిల్లలకు బోధింపరాదని వెలివేయబడిన పంతులు, పెద్దలకు బోధించి, తనకు చోటీయని బడుల పట్టీలనే నింపుటకు తోడ్పడెను.

చివరి దినములు

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948లో, మద్రాసు ప్రజా గ్రంథాలయ చట్టము వచ్చినది. స్వతంత్ర భారతమున అట్టి చట్టములలో అది మొదటిది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకము వసూలై, జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినవి. చందాలమీదను దాతల దయమీదను ఆధారపడిన గ్రంథాలయములకు కొంత ఊత దొరకినది. 1951 లెక్కలనాటికి దేశమున అక్షరాస్యులు నూటికి పదునెనిమిదిమంది యైరి. గమ్యమింకను దూరమే.

1960వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన హరిసర్వోత్తమరావుగారు తమ 77వ యేట కీర్తిశేషులైరి. ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయ చట్టము ఆ తరువాత నెల తిరిగి, 1960 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. దానిని చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. ఆస్తిపాస్తులు కూడబెట్టిన జీవితము కాదది. ఆయన పేరు మిగిలినది పఠన మందిరములలో, చేతులు మారి అట్టలు నలిగిన పుస్తకములలో.

పల్లెవారికి మిగిలిన పని

ఆ మహనీయుని కాలము పోయినది. పరాయి సర్కారు పోయినది. బ్యాడ్జీ ధరించినందులకు పంతులును తీసివేయు రోజులు పోయినవి. పోనిది ఒక్కటి: పంతులు కొలువును పిల్లల లెక్కకు కట్టిన ముడి. 2009 విద్యాహక్కు చట్టము 60 మంది పిల్లలవరకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెననియు, ఆపైన పిల్లల సంఖ్యనుబట్టి పెంచవలెననియు నిర్ణయించినది. లెక్క పెరిగిన పంతులు వచ్చును. లెక్క తగ్గిన పంతులు మరియొక ఊరికి పోవును, లేదా బడియే పొరుగు బడిలో కలియును. 2022లో జిల్లాగా ఏర్పడిన కోనసీమలోను ఈ లెక్క ఒక్కటే. ఒక్క పంతులు మిగిలిన బడిలో అయిదు తరగతులు నడువవు. నడువని బడికి పిల్లలు రారు. రానందున ఆ ఒక్కడును పోవును. బండి చక్రమువలె ఈ నష్టము తిరుగుచునే యుండును.

దానిని ఆపుట ఉపాధ్యాయునొక్కని వలన కాదు. గ్రామస్థులు తమ పిల్లలను ఊరి బడిలో చేర్చుటతో సరిపోదు. నాట్లవేళను, కోతలవేళను కూడ వారిని బడి మాన్పింపకుండవలెను. గ్రంథాలయ సభ్యులు సాయంకాలము ఒక గంట పిల్లలను కూర్చుండబెట్టి చదివించినచో, బడిలో వెనుకబడిన బాలుడు సిగ్గుపడి మానివేయుట తప్పును. హరిసర్వోత్తమరావుగారు చూపిన మార్గమిదియే. బడికి బలము గ్రంథాలయము. గ్రంథాలయమునకు రేపటి చదువరి బడిలోని బాలుడు. రజతోత్సవమునాడు గ్రంథాలయపు చందాదారుల పట్టీని చూచుకొని సంతోషించువారు, అదే రోజున ఊరి బడి హాజరుపట్టీని కూడ ఒక్కమారు చూచుట మంచిది. కొలువు పోయినను బోధన మానని పంతులు ఒకరుండిరని తెలిసిన గ్రామము, కొలువులో ఉన్న పంతులును పోగొట్టుకొనకుండ చూచుకొనవలెను.